రెండు పాటల మధ్య

మా పక్కింటి అంకుల్ పోయారు. ఈ ముక్క రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. గురువారం పొద్దున ఆయన చెత్త వేసే గ్రీన్ బిన్ రోడ్డు పక్కకి లాక్కొచ్చి, మాది కూడా తెచ్చి పెట్టి, కిటికీలో ఉన్న నాకు చెయ్యి ఊపారు. మధ్యాహ్నానికల్లా కాల్గరీ నుంచి వాళ్ళమ్మాయి ఫోను. చలికాలం మా ఊరు మిల్టన్‌లో పెద్దవాళ్ళంతా కమ్యూనిటీ సెంటర్ లోపల, స్కేటింగ్ చేసే ఐస్ రింకు పైనుండే ట్రాక్ మీద నడుస్తారు. అక్కడే నడుస్తూ నడుస్తూ కూలబడిపోయారట. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయిందట. నేను ఆ పిల్లతో వాదనకి దిగాను. ఎవరో పొరపాటు పడి ఉంటారు, పొద్దున్నే రెండిళ్ళ బిన్నులు లాగిన మనిషి పోవడమేమిటి అన్నాను. తండ్రిని పోగొట్టుకున్న పిల్లతో అలాగేనా మాట్లాడేది? కానీ ఆ పూట నా నోటికి వచ్చింది అదే.

ఇంకో రెండు రోజులాగితే శనివారం. ఆ శనివారం కోసం ఆయన ఎంత ఎదురుచూశారో నాకు తెలుసు. అందుకే ఈ చావు నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. కాస్త మొదట్నించీ చెబుతాను.

మేమూ ఆయనా మధ్యలో ఒకే గోడ ఉన్న పక్కపక్క టౌన్‌హౌసుల్లో ఉంటాం. ఉంటాం అనే రాస్తున్నాను, ఉండేవాళ్ళం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. గోడలకు చెవులుంటాయంటారు గాని మా వరసలో గోడలకు నోళ్ళు కూడా ఉన్నాయి. ఆయన తుమ్మితే నేను ఇవతల్నించి చిరంజీవ అనేదాన్ని. ఓక్‌విల్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఆంటీ పోయాక అక్కడి పెద్దిల్లు అమ్మేసి మా పక్కకొచ్చారు. వచ్చిన వారంలోనే మొదలైంది, రోజూ మధ్యాహ్నం కాఫీ వేళకి డ్రమ్ముల మోత. నేను ఇంట్లోంచి పనిచేసే మనిషిని. ఆఫీసు మీటింగులో అవతలి వాళ్ళు మీ ఇంట్లో ఏమైనా రిపేర్లు జరుగుతున్నాయా అని అడిగేవారు.

పెద్దాయన కదా అని ఊరుకున్నాను. కానీ నాలుగైదు రోజులయ్యాక ఇంకో సంగతి చెవినబడింది. ఒక పాట అయిపోయి, డ్రమ్ములు ఆగి, జనం చప్పట్లు సన్నగిల్లే చోట ఒక ఆడగొంతు, శుభ్రమైన తెనాలి తెలుగులో.

"ఏవండీ, నేను స్టవ్ ఆపానా?"

మర్నాడు కూడా అదే వేళకి అదే మాట. ఆ మర్నాడూ అంతే. నా బుర్ర పరిపరి విధాల పోయింది. ఒంటరి మనిషి ఇంట్లో రోజూ స్టవ్ మర్చిపోయే ఈవిడెవరు? మా ఆయనతో చెబితే నీకెందుకు అన్నారు. నాకెందుకో నేనూ చెప్పలేను గాని, దొండకాయ వేపుడు గిన్నెలో పెట్టుకుని వెళ్ళి తలుపు కొట్టాను. ఆయన తలుపు తీసి, గిన్నె వైపూ, ఇల్లంతా వెతికేస్తున్న నా కళ్ళ వైపూ చూసి నవ్వారు.

"వినపడిందా అమ్మాయ్? మీ ఆంటీయే. లోపలికి రా."

చచ్చిపోయిన మనిషి గొంతునా నేను వారం రోజులుగా వింటున్నది! ఆయన మాత్రం తాపీగా స్టీలు గ్లాసులో టీ ఇచ్చి, బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. ఒంటి మీద పాత రాక్ బ్యాండ్ బొమ్మ ఉన్న నల్ల టీషర్టు, దాని మీద చేతుల్లేని స్వెటర్. గుడికి కూడా ఆ టీషర్టే వేసుకొచ్చేవారని తర్వాత తెలిసింది. పైన స్వెటర్ ఉంది కదా, దేవుడికేం కనపడుతుంది అనేవారు.

ఆయన లండన్‌లో, అంటే మన ఒంటారియోలోని లండన్‌లో, ఎమ్మెస్ చదివే రోజుల్లో ఆంటీ కొత్తగా కాపురానికి వచ్చారు. వచ్చిన కొన్నాళ్ళకే ఈయనగారు చేసిన ఘనకార్యం, భార్యను ఎక్కించుకుని, ఎవరిదో కారు అడిగి తీసుకుని, రెండు గంటలు డ్రైవ్ చేసి, టొరంటోలో ఆ బ్యాండ్ కచేరీకి తీసుకెళ్ళడం. పట్టుచీర మీద అరువు కోటు. చుట్టూ జుట్లు పెంచిన వేలమంది, చెవులు బద్దలయ్యే మోత, పొగ. పాపం ఆవిడకి ఆ పాటల బెంగ ఏమీ లేదు. ఉన్నదల్లా స్టవ్ బెంగ. తెనాలిలో కిరసనాయిలు స్టవ్ మీద వండిన పిల్ల. అక్కడ మంట కంటికి కనపడుతుంది, ఊదితే ఆరిపోతుంది. ఇక్కడి కరెంటు స్టవ్‌కి మంట ఉండదు, చప్పుడూ ఉండదు, ఆగిందో లేదో పట్టుకుని చూస్తే గాని తెలియదు. వాళ్ళ ముందు వరసలో ఎవరో ఒకాయన కోటు కింద క్యాసెట్ రికార్డరు పెట్టుకుని దొంగతనంగా ఆ రాత్రి కచేరీ అంతా రికార్డు చేశాడు. అందులో రెండు పాటల మధ్య ఆంటీ అడిగిన ఈ ప్రశ్న పడింది.

ఆ సంగతి ఈయనకు కొన్ని దశాబ్దాల పాటు తెలియదు. ఆంటీ పోయిన ఏడాదికి, తోచక, ఆ బ్యాండ్ అభిమానులు ఇంటర్నెట్‌లో పంచుకునే పాత రికార్డింగులు వింటుంటే ఇది తగిలింది. తను వెళ్ళిన కచేరీయే కదా అని సరదాగా వింటున్నారట, వెనక నుంచి ఆవిడ పలకరించిందట. నేను కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళి స్టవ్ చూసొచ్చాను అమ్మాయ్ అన్నారు. నవ్వబోయి ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు.

ఆంటీది మరే రికార్డూ లేదట. ఫోటోలు బోలెడు, గొంతు మాత్రం ఇదొక్కటే. పెళ్ళి వీడియోలు లేని కాలం. తర్వాత వీడియోలు తీసిందంతా ఆవిడే, కెమెరా వెనక మౌనంగా నిలబడి. అందుకే రోజూ ఆ ఒక్క మాట కోసం ఆయన పాట మొత్తం వినేవారు. సరాసరి ఆ మాట దగ్గరికే వెళ్ళొచ్చు కదా అంకుల్ అంటే, మీ ఆంటీ పిలవగానే వచ్చే మనిషి కాదు, కాసేపు కూర్చోవాలి అన్నారు.

అసలు బాధ వేరే ఉంది. ఆ రోజుల్లో అభిమానులు క్యాసెట్లు ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకునేవారు. టేపు సరిపోవడానికి పాటల మధ్య మాటలు కత్తిరించేసేవారు. ఈయన దగ్గరున్న కాపీలో ఆంటీ ప్రశ్న అవగానే కత్తిరింపు, వెంటనే తర్వాతి పాట. ఆయన ఏం జవాబిచ్చారన్నది లేదు.

"ఏమన్నానో గుర్తులేదు అమ్మాయ్. వయసులో నాకు ముక్కు మీద కోపం. నలుగురిలో కసిరానేమో. కొత్తగా దేశం కాని దేశం వచ్చిన పిల్లని."

ఆంటీని అడిగి తెలుసుకునే కాలంలో ఈ టేపు సంగతే తెలియదు. తెలిసేసరికి అడగడానికి ఆవిడ లేదు. ఒక చిన్న మాట. దాని కోసం మనిషి లోపల్లోపల ఇంత నలిగిపోతారా అని నేను విస్తుపోయాను. అప్పట్నించీ మధ్యాహ్నం డ్రమ్ములు మొదలైతే మీటింగులో నా మైకు ఆపేసి నేనూ ఆగేదాన్ని. ఆవిడ అడిగేదాకా ఉండి మళ్ళీ పనిలో పడేదాన్ని.

ఆయన బేస్‌మెంట్‌కి నెలకోసారి అభిమానులు వచ్చేవారు. అందరూ తెల్లజుట్టు మగవాళ్ళు, అందరివీ నల్ల టీషర్టులే. వాళ్ళ పెద్ద గ్లెన్. హామిల్టన్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి మానేసినాయన. వాళ్ళ పని విచిత్రంగా ఉండేది. ఆ కాలంలో జనం చిన్న కెమెరాలతో కచేరీల్లో తీసిన ఫిల్ములుంటాయి, వాటికి శబ్దం ఉండదు. ఇంకెవరో రికార్డు చేసిన క్యాసెట్లుంటాయి, వాటికి బొమ్మ ఉండదు. ఏ బొమ్మ ఏ రాత్రిదో, ఏ పాటదో పోల్చి, రెంటినీ జతచేసి చూసుకోవడమే వాళ్ళ ఆనందం. ఆ జతచేయడంలో అంకుల్ మాటే చెల్లేది. ముందు శబ్దం లేకుండా ఫిల్ము చూడాలి, ఇది ఆయన నియమం. డ్రమ్మర్ చేతుల వైపే చూస్తూ తొడ మీద తాళం వేసుకుంటూ, కాసేపటికి పాట పేరు చెప్పేవారు. చిన్నప్పుడు మృదంగం నేర్చుకుంటూ తప్పుకొట్టి వేళ్ళ మీద తిన్న దెబ్బలు ఇన్నాళ్ళకి పనికొచ్చాయనేవారు. ఈలోగా మిగతావాళ్ళు మిరపకాయ బజ్జీలు తిని, చెవులు ఎర్రబడి, నీళ్ళ కోసం పరుగులు. ఆపైన ఏ ఏడాది కచేరీ గొప్పదన్న దాని మీద పోట్లాట. బ్యాండు వాళ్ళే విడిపోయి ఎవరి దారిన వాళ్ళు పోయారు, వీళ్ళింకా వాళ్ళ తరఫున కొట్టుకుంటున్నారు చూడు అని అంకుల్ నాతో తెలుగులో అనేవారు. మరుక్షణం ఆయనే అందరికంటే పెద్దగా అరిచేవారు.

ఒక్క విషయంలో మాత్రం గ్లెన్‌కీ ఆయనకీ ఎప్పుడూ పేచీ. ఇప్పుడు కంప్యూటర్‌తో పాత రికార్డింగుల్లో దగ్గులూ, కబుర్లూ, ఈలలూ అన్నీ తీసేసి పాటను కడిగినట్టు చేయొచ్చట. గ్లెన్‌కి అది మహా ఇష్టం. అంకుల్ ఒప్పుకునేవారు కాదు. జనాన్ని తీసేస్తే అది కచేరీ కాదు, రిహార్సల్ అనేవారు. కారణం మాత్రం చెప్పేవారు కాదు. వాళ్ళకి ఆంటీ సంగతి చెప్పేయొచ్చు కదా అని నేనొకసారి అడిగాను.

"చెబితే ఇంకేమన్నా ఉందా? రేపట్నించి ఆ స్టవ్ ఏ కంపెనీదని చర్చ పెడతారు. ఇదొక్కటీ నా దగ్గరే ఉండనీ."

ఇంతలో ఈ చలికాలం ఆ టొరంటో కచేరీదే ఒక ఫిల్ము ఎవరి అటకలోనో బయటపడింది. అదే ఊపులో గ్లెన్ ఆ రోజు క్యాసెట్ రికార్డు చేసినాయన కుటుంబాన్ని సడ్‌బరీలో పట్టుకున్నాడు. ఆయన ఎప్పుడో పోయాడు గాని, అసలు క్యాసెట్ కొడుకు దగ్గర భద్రంగా ఉంది. కాపీ కాదు, అసలుది. దాంట్లో కత్తిరింపులు లేవు. గ్లెన్ దాన్ని తెప్పించుకుని, ఫిల్ముకి జతచేసి, మిల్టన్ లైబ్రరీలో గది మాట్లాడి, శనివారం మధ్యాహ్నం అందరికీ చూపిస్తానన్నాడు. అప్పటిదాకా ఎవరికీ వినిపించనన్నాడు. అదీ వాళ్ళ ఆచారమే. మొదటిసారి అందరూ కలిసే వినాలి.

బుధవారం సాయంత్రం అంకుల్ గోంగూర పచ్చడి సీసాతో మా ఇంటికొచ్చారు. కూతుర్ని కాల్గరీ నుంచి రమ్మన్నానని, ఎందుకో చెప్పలేదని, వాళ్ళమ్మ గొంతు ఉందని కూడా దానికి తెలియదని చెప్పారు. అమ్మ గొంతు మర్చిపోతున్నాను నాన్నా అని కిందటేడు ఏడ్చిందట. అప్పుడే వినిపించేయొచ్చు గాని, సగం మాటను దాని చేతిలో పెట్టబుద్ధి కాలేదన్నారు. ఒకవేళ మీరు కసిరి ఉంటే అని అడిగాను, అడగకూడదని తెలిసి కూడా.

"కసిరితే కసిరానని దాని ఎదురుగానే వింటాను. దాచి ఏం చేస్తాను అమ్మాయ్?"

పచ్చడిలో ఉప్పు తక్కువైందేమో చూసుకోమని చెప్పి వెళ్ళిపోయారు. మర్నాడు ఆయన లేరు.

శనివారం మధ్యాహ్నం లైబ్రరీలో ఉండాల్సిన వాళ్ళమంతా ఫ్యూనరల్ హోమ్‌లో ఉన్నాం. అభిమానులు అందరూ వచ్చారు, కోట్ల కింద నల్ల టీషర్టులతోనే. గ్లెన్ వచ్చి, మా అంకుల్ కూతురి చేతిలో ఒక పెన్ డ్రైవ్ పెట్టి, మీ నాన్న కోసం చేసిన పని, ఆయన చూడకుండానే వెళ్ళిపోయారు, మీరైనా చూడండి అన్నాడు.

మర్నాడు ఆ అమ్మాయీ నేనూ బేస్‌మెంట్‌లో ఆయన కూర్చునే చోట కూర్చుని అది పెట్టాం. నాకు ఎక్కడ లేని ఆత్రం. ఇంకాసేపట్లో వాళ్ళమ్మ పలుకుతుందని నేను ముందే చెప్పలేదు. ఆయన చెప్పకూడదనుకున్నది చెప్పడానికి నేనెవర్ని? పాట ఎంత బాగుందో. డ్రమ్మర్ చెమటలు కూడా కనపడుతున్నాయి. పాట అయిపోయింది. చప్పట్లు సన్నగిల్లాయి. ఏమీ లేదు. తెల్ల కాగితం లాంటి నిశ్శబ్దం, ఆ తర్వాత రెండో పాట.

వెనక్కి తిప్పాను. మళ్ళీ అదే. గ్లెన్ కడిగేశాడు. స్నేహితుడి మీద ప్రేమకొద్దీ, దగ్గు మీద దగ్గు, మాట మీద మాట తీసి పారేసి, వాటితో పాటు ఆంటీని కూడా తుడిచేశాడు. ఆ అమ్మాయి ఏమైందని అడుగుతోంది. ఇంక దాచి లాభం లేదు. గోడలోంచి విన్నది మొదలు బుధవారం దాకా అంతా చెప్పాను. విని ఆమె ఏడవలేదు. అమ్మ గొంతు ఈ ఇంట్లో ఉందా అని ఇంగ్లిష్‌లో రెండుసార్లు అడిగి, గోడల వైపు చూసింది. వాళ్ళ నాన్న కంప్యూటర్ తెరవబోయాం, పాస్‌వర్డ్ తెలియదు. ఇంటర్నెట్‌లో వెతికాం, పాత కాపీలేవీ లేవు. మెరుగైనది వస్తోందంటే చాలు, పాతవన్నీ తీసేయడం కూడా ఆ అభిమానుల ఆచారమేనట. పాతది ఉంచితే జనం అదే వింటారని.

గ్లెన్‌కి ఫోన్ చేస్తే ఆ సాయంత్రమే వచ్చాడు. మెట్లు దిగుతూ బాగుందా అని అడిగాడు. నేను జరిగింది చెప్పాను. మెట్ల మీదే కూలబడ్డాడు. ఆ గొంతు తను విన్నాడట. ఎవరో ఆడమనిషి, ఏదో భాష, పాటకి అడ్డం అనుకున్నాడట. అది తీయడానికే ఎక్కువ కష్టపడ్డానని, ఒక పూటంతా పట్టిందని చెప్పి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ పక్కనే మగగొంతు కూడా ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఏమందో తనకెలా తెలుస్తుంది? పని పూర్తవగానే కడగని రికార్డింగును చెరిపేశాడు. క్యాసెట్ సడ్‌బరీకి తిప్పి పంపేశాడు. అది ఎంత పాతదంటే, ఇంకోసారి ఆడుతుందో, తెగుతుందో కూడా చెప్పలేనన్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాను, ఆ మనిషిని చూస్తే రాలేదు.

మర్నాడు పొద్దున్నే, మంచు తుఫాను హెచ్చరిక ఉందని రేడియోలో చెబుతుండగానే, గ్లెన్ నాలుగైదు గంటల దూరంలో ఉన్న సడ్‌బరీకి కారులో బయల్దేరాడు. వద్దన్నా వినలేదు. కొరియర్ చేతిలో పెట్టను అన్నాడు. తిరిగి వచ్చేదాకా నేను రోడ్ల వార్తలు చూస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి కాల్గరీ టికెట్ మార్చుకుంది.

మొన్న శనివారం లైబ్రరీలో అదే గది దొరికింది. అభిమానులకు గ్లెన్ ముందే అంతా చెప్పాడు. ఈసారి ఏదీ కడగలేదు. క్యాసెట్ తెగకుండా ఒక్కసారి ఆడింది, ఆడినంతా ఎక్కించుకున్నాడు, తనూ వినలేదన్నాడు. ఆ అమ్మాయి ముందు వరసలో నా పక్కన కూర్చుంది, నా చేతిని గట్టిగా పట్టుకుని. పాట మొదలైంది. వెనక ఎవరో దగ్గుతున్నారు, ఎవరో ఈల వేస్తున్నారు, సీసా ఒకటి దొర్లింది. అంకుల్ అన్నది నిజమే, ఇది వేరే కచేరీ. పాట ఆగింది. తెర మీద డ్రమ్మర్ కర్రలు ఒళ్ళో పెట్టుకుని నుదురు తుడుచుకుంటున్నాడు.

"ఏవండీ, నేను స్టవ్ ఆపానా?"

ఆ అమ్మాయి గోళ్ళు నా అరచేతిలో దిగబడ్డాయి. ఆ తర్వాత, చప్పట్ల మీదుగా, చాలా దగ్గరగా, ఒక కుర్రవాడి గొంతు. అది ఆయనదని పోల్చుకోవడానికి నాకు ఒక క్షణం పట్టింది. అంత లేతగా ఉంది. కోపం లేదు. వంగి, ఆవిడకి దగ్గరగా చెవి పెట్టి అడుగుతున్నట్టుంది.

"వినపడలేదోయ్. మళ్ళీ చెప్పు."

డ్రమ్మర్ కర్రలు రెండూ పైకెత్తాడు. గ్లెన్ అక్కడే ఆపేశాడు. ఆ అమ్మాయి, తండ్రికి కూడా ఇంగ్లిష్‌లోనే జవాబిచ్చే పిల్ల, నా వైపు తిరిగి తెలుగులో, ఇందులో నాన్న నాకంటే చిన్నవాడక్కా అంది. గ్లెన్ వచ్చి మా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన ఏమన్నాడని నన్ను అడిగాడు. చెప్పాను. వినపడలేదట, మళ్ళీ చెప్పమంటున్నాడు అన్నాను. గ్లెన్ లేచి వెళ్ళి, వెనక్కి తిప్పి, ఆవిడ ప్రశ్న నుంచి మళ్ళీ పెట్టాడు. అయ్యాక ఎవరూ అడగకుండానే ఇంకోసారి పెట్టాడు. ఆ రెండో పాటను బొమ్మతో చూడాలని ఇన్నేళ్ళు ఎదురుచూసిన ముసలివాళ్ళందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. తెర మీద డ్రమ్మర్ చేతులు గాల్లోనే ఉన్నాయి, పాట మొదలుపెట్టమని ఒక్కరూ అడగలేదు.